అటకకు తలుపు

1958 జూన్ రెండో వారంలో నన్ను అనంతపురం నుంచి ధర్మవరం సెక్షన్‌కు బదిలీ చేశారు. అప్పుడు నా హోదా సూపర్‌వైజర్. జనానికి ఆ మాట పట్టేది కాదు. మా శాఖలో టేపు పట్టుకున్న ప్రతివాడూ వాళ్లకు ఓవర్సీరే. నాపైన సబ్‌డివిజన్‌కు అసిస్టెంట్ ఇంజనీరు, ఆయనపైన డివిజన్‌కు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఉండేవారు. ఏఈ, ఈఈ అని పొట్టిగా అనుకునేవాళ్లం. నేను గీయాలి, ఏఈ గారు దిద్దాలి, ఈఈ గారు సంతకం పెట్టాలి. పని చెడినప్పుడు మాత్రం చీవాట్లు పైనుంచి బయలుదేరి, మధ్యలో ఎక్కడా ఆగకుండా నా దగ్గరికి వచ్చేవి.

నాకు అప్పగించిన పని నేతగాళ్ల కాలనీ. ఊరి చివర, జొన్న కూడా మొలవని ఒక రాళ్ల దిన్నె మీద, నేతగాళ్ల సహకార సంఘం సభ్యులకు నలభై ఇళ్లు కట్టాలి. అన్నీ ఒకే తీరు. దీన్ని మా భాషలో టైప్ డిజైన్ అంటారు. ఒక ఇల్లు గీసి, మంజూరు చేయించుకొని, దాన్నే నలభై సార్లు కట్టడమన్నమాట. ఒక్క తప్పు గీస్తే నలభై తప్పులు కట్టినట్టే కనుక, ముందు ఒక నమూనా ఇల్లు లేపి, ఈఈ గారు వచ్చి చూసి సరేనన్నాకే మిగతావి మొదలుపెట్టాలని షరతు పెట్టారు. ఇల్లు పదిహేను అడుగుల వెడల్పు, ఇరవైఆరు అడుగుల పొడవు మించకూడదు. అందులోనే ముందు పంచ, మధ్యలో మగ్గం గది, వెనక వంటిల్లు రావాలి. ఆ కొలత పైనుంచి వచ్చింది. అడుగు పెంచే అధికారం నాకు గాని, మా ఏఈ గారికి గాని లేదు.

మగ్గం గది గీయాలంటే మగ్గం ఎంత చోటు తింటుందో తెలియాలి. నేను గుంటూరు జిల్లా వాణ్ని. వరి మడి కొలవమంటే కొలుస్తాను గాని మగ్గం నాకు కొత్త. సంఘం జాబితాలో మొదటి పేరు ముత్యాలప్పది. నమూనా ఇల్లు కూడా అతనికే వస్తుంది. టేపు పట్టుకొని అతని ఇంటికి వెళ్లాను.

అది పాత మిద్దె. రాయలసీమలో మిద్దె అంటే దూలాల మీద కర్రలు పేర్చి, వాటి మీద చవుడు మట్టి మందంగా పరిచిన చదును కప్పు ఇల్లు. ఉన్నది ఒకటే గది. అందులో సగానికి పైగా గుంత మగ్గమే. నేతగాడు నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించుకొని గట్టు మీద కూర్చుంటాడు. ఎదురుగా పడుగు, అంటే చీర పొడవునా వచ్చే దారాలు, గది ఆ చివరిదాకా బిగదీసి ఉంటుంది. దాని కింద నుంచి వంగి పోవలసిందే తప్ప దాటడానికి వీల్లేదు. ముత్యాలప్పకు యాభై దాటి ఉంటాయి. నేను కొలుస్తున్నంతసేపూ అతను నేస్తూనే ఉన్నాడు. భార్య చెన్నమ్మ ఓ మూల రాట్నం దగ్గర కూర్చొని దారం కండెలు చుడుతోంది. కొడుకు ఓబులేసు నా టేపు రెండో కొన పట్టుకున్నాడు. ఇరవైరెండేళ్ల కుర్రాడు, ఏడాది కిందట పెళ్లయిందన్నాడు. కోడలు కనపడలేదు.

ఎంతమంది ఉంటారని అడిగాను. నలుగురమని, కోడలికి ఒంట్లో బాగాలేక పుట్టింటికి పోయిందని ముత్యాలప్ప చెప్పాడు. చెన్నమ్మ రాట్నం ఆపింది.

"ఒంట్లో ఏమీ లేదు సారూ. గుంతకు ఈపక్క మేము, ఆపక్క వాళ్లు. నడాన పాత చీర కట్టినాము. ఆ పిల్ల మూడు నెల్లు కండ్లు మూయలేదు. గది లేని ఇంట్లో కాపురం ఎట్ల చేస్తాది?"

ఓబులేసు టేపు వదిలేసి బయటికి వెళ్లిపోయాడు. ముత్యాలప్ప తల ఎత్తకుండా నాడెను పడుగు దారాల్లో అటూ ఇటూ ఆడిస్తూనే ఉన్నాడు. మిగతాది ఆవిడే చెప్పింది. కోడలి పేరు రత్నమ్మ. వాళ్లది రాయదుర్గం అవతల గుమ్మఘట్ట. కొత్త కాలనీలో ఇల్లు వస్తుందని వీళ్లు కబురు చేస్తే, రాబోయే ఉగాదిలోపల గది చూపిస్తే పిల్లను పంపుతామని, లేకపోతే పెద్దమనుషుల్లో పెట్టి తెగదెంపులు చేసుకుందామని ఆ పిల్ల నాయన తిరుగు కబురు పంపాడట. ఆవిడ ఇదంతా ఎవరి మీదా నిష్ఠూరం లేకుండా చెప్పి, మళ్లీ రాట్నం తిప్పుకోసాగింది.

ఆ రాత్రి నా బసలో కొలతలు ముందేసుకొని కూర్చున్నాను. అప్పటికి నాకూ పెళ్లయి నాలుగేళ్లే. నాకిచ్చిన కొలతల్లో ఎన్నిసార్లు గీసినా పంచ, మగ్గం, వంటిల్లు పోగా మిగిలేది బియ్యం బస్తా పెట్టుకునే చోటే. కొత్త ఇంట్లోకి మారినా ఆ పాత చీర మళ్లీ అడ్డం కట్టుకోవలసిందే. నలభై ఇళ్లలోనూ అదే కథ.

అప్పుడు నాకు సౌత్ కెనరా గుర్తొచ్చింది. మద్రాసు రాష్ట్రం విడిపోకముందు మంగళూరు వైపు మూడేళ్లు పనిచేశాను. అక్కడ ఇళ్లన్నీ ఏటవాలు పెంకు కప్పులే. ఆ కప్పు కింద చెక్కలు పరిచి అటక చేసి, అందులో వక్కలే కాదు, మనుషులూ ఉంటారు. చదును కప్పు తీసేసి ఏటవాలు పెంకు వేస్తే, నేల మీద ఒక్క అడుగు పెంచకుండా ఇంటికి ఒక గది పుడుతుంది. పక్క గోడలు పన్నెండు అడుగులు లేపాలి. తొమ్మిది అడుగుల ఎత్తున చెక్కల అంతస్తు వేయాలి. అక్కడి నుంచి కప్పు నడికొప్పుకు ఎనిమిది అడుగులు వస్తుంది, చూరు పక్కన మూడడుగులు. మధ్యలో నిలబడొచ్చు, పక్కల పడుకోవచ్చు. ముందు వెనక గోడల పైభాగంలో గాలికి రెండు కిటికీలు పెట్టాలి. గీసుకుంటూ పోతుంటే ఇంతటి ఆలోచన ఈ జిల్లాలో ఇంతవరకూ ఎవరికీ రాలేదే అని నాకు నేనే మురిసిపోయాను. ఎందుకు రాలేదో ఆలోచించి ఉంటే బాగుండేది.

మా ఏఈ గారు జాగ్రత్త మనిషి. అనంతపురం జిల్లాలో పెంకుటిల్లా అని పెదవి విరిచారు. ఆయన్ను ఒప్పించింది నా అటక కాదు, నీళ్లు. సిమెంటు స్లాబు వేస్తే మూడు వారాలపాటు దాని మీద నీళ్లు నిలపాలి. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. తాగడానికే ఆడవాళ్లు రెండు మైళ్లు బిందెలు మోస్తుంటే నలభై స్లాబులు ఎక్కడ తడుపుతాం? పెంకుకు చుక్క నీరు అక్కర్లేదు. ఈ మాట రాశాక ఫైలు కదిలింది. నమూనా ఇంటికి మాత్రం మంజూరు వచ్చింది. ఈఈ గారు తనిఖీలో అటక వద్దంటే, మిగతా ముప్పైతొమ్మిదీ అటక లేకుండా, గది లేకుండా కట్టాలని ఆ ఉత్తర్వులోనే ఉంది.

మంజూరైన నీలం ప్రింటు తీసుకెళ్లి ముత్యాలప్ప ముందు పరిచి, ఇది గది, ఇది పైకి నిచ్చెన అని వేలు పెట్టి చూపించాను. అతను ఆ తెల్ల గీతలను కాసేపు చూసి, మంచిదే సారూ అని తల ఊపాడు. సర్కారు కాగితం ముందు పెడితే మర్యాదస్తుడు అంతకంటే ఏం చేస్తాడు? నేను దాన్ని ఒప్పుకోలు కింద జమ కట్టుకున్నాను.

పని డిసెంబరులో మొదలైంది. మేస్త్రీ పేరు మౌలాలి. ధర్మవరంలోనే పుట్టి, తాత నాటి నుంచి రాతి పనిలో ఉన్న మనిషి. నేను నిచ్చెన ఎక్కి చూపిస్తే తప్ప ఏ కాగితమూ నమ్మేవాడు కాదు. గోడలు లేచాయి. మంగళూరు పెంకు రైల్లో దిగింది. ఫిబ్రవరి ఆఖరుకు అటక చెక్కలు పరిచి మేకులు కొట్టాం. మార్చి రెండో వారంలో తనిఖీ అని ఈఈ గారి కార్యాలయం నుంచి జాబు వచ్చింది. ఇల్లు వాడుకలో ఉండగా చూస్తామని అందులో రాశారు. అంటే అంతలోపల ముత్యాలప్ప వచ్చి మగ్గం వేసుకోవాలి.

గుంత తవ్వించాను. ముత్యాలప్ప రాలేదు. మంచిరోజు చూసుకుంటున్నాడేమో అనుకున్నాను. రెండు మంచిరోజులు పోయాయి. మూడోనాడు నేనే కబురు పెడితే ఓబులేసును వెంటబెట్టుకొని వచ్చాడు. గదిలో నిలబడి పైకి చూస్తాడు, కిందికి చూస్తాడు, మగ్గం మాట ఎత్తడు. నాకు ఓపిక తక్కువని నాతో పనిచేసిన వాళ్లందరికీ తెలుసు. ఇంత కష్టపడి గది సాధిస్తే ఈ బెట్టేమిటని, ఇష్టం లేకపోతే నమూనా ఇల్లు జాబితాలో రెండో పేరుకు రాసేస్తానని గట్టిగానే అన్నాను.

"రాసేయండి సారూ. వాడూ నేసేవాడే. వాడూ ఈడ మగ్గం ఏయడు."

వేయకపోవడానికి కారణమేమిటని అడిగాను. ముత్యాలప్ప తన భుజం మీది తుండు తీశాడు. ఉతికిన తెల్ల తుండు. దాన్ని గుంత గట్టున, పడుగు వచ్చేచోట నేల మీద పరిచి, నన్ను పైకెక్కి అటూ ఇటూ నాలుగు అడుగులు వేయమన్నాడు. నేను ఎక్కాను. మధ్యాహ్నం పన్నెండు దాటింది. పెంకు కింద గాలి మొహానికి కొట్టింది. నాలుగు అడుగులకే చొక్కా వీపుకు అంటుకుంది. దిగి వచ్చి చూస్తే, తుండు మీద చెక్కల సందులు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడక్కడ దుమ్ము బారులు తీరి పడి ఉంది. రంపపు పొట్టు, సున్నం, నా చెప్పుల మట్టి.

"ఇది పట్టు మీద పడితే ఏమైతాదో మీరే చెప్పండి," అన్నాడు. తర్వాత కొంచెం తగ్గి, "దుమ్ము తుడుచుకోవచ్చు సారూ. కానీ దసరాకు పసుపు కుంకుమ పెట్టి మొక్కే మగ్గం అది. చెప్పులతో దాని దగ్గరికి పోము. దాని నెత్తిన మనిషి కాళ్లు పెట్టుకోని తిరగడమా? అందులోనూ కొత్తగా పెండ్లయినోళ్లు..." అని ఆపేసి, గోడ వైపు తిరిగాడు. ఓబులేసు ఈసారి కూడా బయటికి వెళ్లిపోయాడు.

సౌత్ కెనరా అటకల కింద వక్కల బస్తాలు, వంటిళ్లు, పడసాలలు చూశానే గాని మగ్గం చూడలేదు. నేను మగ్గం పొడవు కొలిచాను, వెడల్పు కొలిచాను, గుంత లోతు కూడా కొలిచాను. దాని పైన ఏముండాలో, ఏముండకూడదో అడగాలన్న బుద్ధి పుట్టలేదు. ముత్యాలప్ప ముందే ఎందుకు చెప్పలేదని కోపం వచ్చింది. నీలం కాగితం మీద తెల్ల గీతల్లో అతనికి కాళ్లు ఎలా కనపడతాయి? ఆ కోపాన్ని నేనే మింగాను.

తనిఖీకి పదకొండు రోజులుంది. అటక తీసేసి పెంకు దాకా ఖాళీగా వదిలేస్తే ఈఈ గారికి తప్పు కనపడదు, నాకు చీవాట్లు తప్పుతాయి. రత్నమ్మ గది పోతుంది. ఏఈ గారికి చెబితే ఆయన సలహా కూడా అదే అయ్యేది. ఆయన నా మేలు కోరే చెప్పేవారు. అందుకే ఆయనకు వెంటనే చెప్పలేదు. ఉద్యోగంలో ఇది తప్పని నాకు తెలుసు.

మౌలాలి పంచ మెట్ల మీద కూర్చొని బీడీ తాగుతూ ఇదంతా విన్నాడు. మగ్గం నెత్తిన వద్దంటే వంటింటి నెత్తిన పెట్టొచ్చు కదా అన్నాడు. వంటింటి పొగంతా చెక్కల సందుల్లోంచి పైకి పోతుందని నేను విసుక్కున్నాను.

"చెక్క ఏల సాబ్? దూలాల మీద తాడిపత్రి బండలు పరిచి, పైన జానెడు చవుడు కొడితే దుమ్మూ రాలదు, పొగా దూరదు. మా మిద్దెలన్నీ అంతే కదా. మీరు పైన పెంకు పెట్టినారు, కింద మిద్దె పెట్టుకోండి."

మంగళూరు కప్పు కింద రాయలసీమ మిద్దె. ఇంత చిన్న సంగతి నా తలకు తట్టలేదు. ఆ సాయంత్రమే కాగితం ముందేసుకున్నాను. మగ్గం గది మీద చెక్కలన్నీ పీకేసి, నేల నుంచి పెంకు దాకా ఖాళీగా వదిలేయాలి. వంటింటి మీద, వెనక గోడ నుంచి ఎనిమిది అడుగుల మేర, ఇంటి వెడల్పంతా బండల అంతస్తు వేయాలి. పొయ్యిని వెనక గోడకు జరిపి పొగగూడు బయటికి తీయాలి. మెట్లు మగ్గం గది మూల నుంచి గోడ వెంట ఎక్కాలి, పడుగు దరిదాపులకు రాకూడదు. మర్నాడు ఈ మార్పులన్నీ డీవియేషన్ స్టేట్‌మెంటు అనే కాగితం మీద రాసి, మంజూరైన నక్షాకు ఎక్కడెక్కడ తేడా వస్తోందో, ఎందుకు వస్తోందో కారణాలతో ఏఈ గారికి పట్టుకెళ్లాను. తప్పు నాదేనని మొదటి పంక్తిలోనే రాశాను. ఆయన రెండుసార్లు చదివి, పని ఆపారా అని అడిగారు. చెక్కలు అప్పటికే పీకించానని చెప్పాను. తనిఖీ నాటికి పూర్తికాకపోతే ఈ కాగితం తాను చూడలేదని అన్నారు. అది ఆయన మంచితనమని నాకు అర్థం కావడానికి కొన్నేళ్లు పట్టింది.

అయిదు రోజుల్లో బండలు పడ్డాయి, చవుడు కొట్టారు. ముత్యాలప్ప వచ్చి వంటింట్లో తుండు పరిచి, మౌలాలిని పైన గెంతమన్నాడు. తుండు తెల్లగానే ఉంది. మర్నాడు సామాను దిగింది. మగ్గం బిగించేటప్పుడు నన్ను కొబ్బరికాయ కొట్టమన్నారు. అటక వేడి సంగతి కూడా అతనే ఎత్తాడు. పగలు ఆడ కోడిగుడ్లు పెడితే పిల్లలైతాయి సారూ అని నవ్వాడు. పగలు ఎవరు పడుకుంటారయ్యా, మిద్దె పట్టిన వేడి తెల్లవారేదాకా వదలదు, పెంకు దీపాలు పెట్టే వేళకే చల్లబడుతుంది అని నేనూ జవాబిచ్చాను. ఆ ఇంట్లో నేను ముందునుంచీ సరిగ్గా ఊహించింది ఆ ఒక్కటే.

తనిఖీ నాలుగు రోజులుందనగా రత్నమ్మ, ఆమె నాయన గుమ్మఘట్ట నుంచి వచ్చారు. కాపురానికి కాదు, చూడ్డానికి. ఆ పెద్దాయన సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడుతూ గోడలు తట్టి చూశాడు. రత్నమ్మ సన్నగా, పొడుగ్గా ఉంది. ఎవరి వైపూ చూడకుండా మెట్లెక్కింది. ఆమె వెనక చెన్నమ్మ, ఆ వెనక కొలతలు చెబుతూ నేను. కిటికీ గురించి, గాలి గురించి, మధ్యలో నిలబడితే తలకు పెంకు తగలదన్న సంగతి గురించి చెప్పుకుపోతున్నాను. మగ్గం గది వైపు ఎవరూ పడిపోకుండా మూడడుగుల చెక్క కటకటాలు పెట్టాను. దాని మీదుగా గాలి ఆడుతుందని అది కూడా చెప్పాను. రత్నమ్మ ఆ కటకటాల దగ్గర నిలబడి కిందికి చూసింది. కింద మామ నేస్తున్నాడు. అతను తల ఎత్తాడు. ఇద్దరూ ఒకేసారి చూపు తిప్పుకున్నారు.

ఆమె చెన్నమ్మ చెవిలో ఏదో అంది. సారుకే చెప్పు అంది చెన్నమ్మ. రత్నమ్మ నేల చూస్తూ అడిగింది.

"తలుపు యాడుండాది సారూ?"

నక్షాను మనసులో తిరగేశాను. అందులో అటకకు కిటికీ ఉంది, మెట్లు పదమూడున్నాయి, పెంకుల లెక్కుంది. తలుపు లేదు. మొదటి నక్షాలోనూ లేదు. అక్కడ చెక్కల్లో ఒక చదరపు కంత పెట్టి, దానికి నిచ్చెన గీశాను. నేను చూసిన అటకలన్నీ అంతే, నేను చదివిన పుస్తకంలోనూ అంతే. ఎనిమిది నెలలుగా ఈ పిల్లకు గది సాధిస్తున్నానని ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ని, పాత చీర తీసేసి దాని స్థానంలో కటకటాలు కట్టాను.

"ఎట్లాంటి తలుపమ్మా?" అని అడిగాను.

"లోపల్నించి గడె ఏసుకునేది," అంది. అంతే అంది. ఆమె మాట్లాడగా నేను విన్నది ఆ రెండు మాటలే.

తండ్రీకూతుళ్లు ఆ పూటే బస్సెక్కి వెళ్లిపోయారు. తలుపు పెట్టాక కబురు చేయమని పెద్దాయన ముత్యాలప్పతో అన్నాడట. మగ్గం మీద నుంచి పీకేసిన చెక్కలు పెరట్లో పేర్చి ఉన్నాయి. వడ్రంగిని పిలిపించి, వాటితోనే కటకటాల చోట పెంకు దాకా అడ్డుగోడ కట్టించాను. గాలి కోసం దానికి పైన, తల ఎత్తుకు మించిన చోట మాత్రమే సందులు వదిలాం. మెట్ల చివర రెండున్నర అడుగుల వెడల్పున తలుపు పెట్టి, లోపలి వైపు ఇనుప గడె బిగించాం. గడె నేనే బజారుకు వెళ్లి ఏరి తెచ్చాను. బయటి వైపు గొళ్లెం వేయనా అని వడ్రంగి అడిగితే వద్దన్నాను.

తనిఖీ రోజు పొద్దున్నే రత్నమ్మ వచ్చింది. ఈసారి చేతిలో ట్రంకు పెట్టె ఉంది. ఈఈ గారి జీపు ఇంకా రాలేదు. నేను, ఏఈ గారు పంచలో నిలబడి ఉన్నాం. ఆమె లోపలికి వెళ్లి మెట్లెక్కింది. తలుపు మూసుకుంది. గడె పడిన చప్పుడు కింది దాకా వినిపించింది. ముత్యాలప్ప కాసేపు ఆగి, మళ్లీ నేయడం మొదలుపెట్టాడు. ఓబులేసు పెరట్లోకి వెళ్లి ఎందుకో నీళ్ల తొట్టి కడుగుతున్నాడు. పావుగంట గడిచాక గడె తీసిన చప్పుడైంది. ఆమె దిగివచ్చి, అత్త పక్కన కూర్చొని రాట్నం అందుకుంది. ఆ పావుగంట ఆమె పైన ఏం చేసిందో నాకు తెలియదు. బహుశా ఏమీ చేయలేదు, ఊరికే కూర్చొని ఉంటుంది. నాకు కళ్లు చెమర్చాయి. ఏఈ గారు చూడకుండా పంచ దిగి, పునాది రాళ్లు పరీక్షిస్తున్నట్టు ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాను.

ఈఈ గారు పావుగంటలో ఇల్లు చూసి వెళ్లిపోయారు. బండల మీద చవుడు కొట్టిన పద్ధతి బాగుందన్నారు. అటకను టైప్ డిజైన్‌లో ఉంచవచ్చని వారం తర్వాత జాబు వచ్చింది. రెండేళ్ల తర్వాత ఆ కాలనీ మగ్గాల మీదికి, చీర అంచుల్లో పూలు తీర్చే జకార్డు పెట్టెలు వచ్చాయి. అవి బిగించడానికి పైన చాలా ఎత్తు కావాలి. మగ్గం గదులు పెంకు దాకా ఖాళీగా ఉండటం భలే ముందుచూపని నన్ను కొందరు మెచ్చుకున్నారు. అది ముత్యాలప్ప తుండు పుణ్యమని చెబుతూనే ఉన్నాను, ఎవరూ నమ్మలేదు.

ఒక్క సంగతి మిగిలింది. ముప్పైతొమ్మిది ఇళ్లకు పూర్తి అంచనా తయారుచేసి పంపితే, అది ఏఈ గారి దగ్గర నుంచి ఒక ప్రశ్నతో తిరిగొచ్చింది. అటక తలుపు అన్న పద్దు పక్కన ఎర్ర సిరాతో, 'అటకకు తలుపెందుకు? తొలగించవచ్చు' అని రాసి ఉంది. ఆయన్ను తప్పుపట్టను. నెల రోజుల కిందట నా ముందు పెడితే నేనూ అదే రాసేవాణ్ని. ఆఫీసు ప్రశ్నలకు జవాబులు సాధారణంగా అరఠావు రాసేవాళ్లం, పాత ఉత్తర్వుల నంబర్లతో. నేను ఒక్క పంక్తి రాశాను: 'లోపల మనుషులుంటారు.' ఫైలు మర్నాడే తిరిగొచ్చింది. ఎర్ర రాతను నీలం సిరాతో అడ్డంగా కొట్టేశారు, పక్కన ఆయన పొట్టి సంతకం ఉంది.

ఆ తర్వాత ఇరవైఆరేళ్ల ఉద్యోగంలో చాలా ఇళ్లు గీశాను. ప్రతి ఇంట్లోనూ యజమానిని అడిగాక, ఆ ఇంటికి అందరికంటే ఆఖర్న వచ్చిన మనిషిని కూడా పిలిచి అడిగేవాణ్ని. ఎక్కువసార్లు ఆ మనిషి కోడలే. ఇక అటకకూ గదికీ తేడా ఏమిటని శిక్షణకు వచ్చిన కుర్రాళ్లు అడిగితే, లోపలి నుంచి గడె పడేది గది, పడనిది అటక అని చెప్పేవాణ్ని. ఈ నిర్వచనం ఏ పుస్తకంలో ఉందని వాళ్లు అడిగేవారు. పుస్తకంలో లేదు. గుమ్మఘట్ట నుంచి వచ్చిన పిల్ల చెప్పింది.